జేబులో ఉండిపోయినవి

ఫిబ్రవరి 3

కొత్త డిస్కులు వచ్చాయి. అట్టపెట్టెలు విప్పుతుంటే అందరూ చుట్టూ మూగారు. ఒకటి చేతిలోకి తీసుకుని, ఇది నిజం చెబుతుందా అని అడిగాను. మేనేజరు నవ్వి, డిస్కును కూడా అనుమానిస్తే ఎలాగండీ డౌటమ్మగారూ అన్నాడు. ఆఫీసులో నా పేరు అదే. కాలేజీ రోజుల్లో పరీక్ష రాసి బయటికొచ్చాక, పేపరు మీద నంబరు వేశానో లేదో అని మళ్ళీ లోపలికి పరిగెత్తేదాన్ని. ఆ గుణానికి జీతమిచ్చే ఉద్యోగం దొరకడం నా అదృష్టం.

మాది అంబులెన్సుల పని. ఎవరు ఫోన్ చేశారు, ఏ వీధి, ఏ బండి బయల్దేరింది, అన్నీ సర్వర్ల మెమరీలోనే ఉంటాయి. డిస్కులో వెతికి తీసేంత తీరిక ఈ పనికి లేదు. మెమరీ అయితే అడగడమే ఆలస్యం, చెప్పేస్తుంది. చిక్కల్లా ఒకటే. కరెంటు పోయిందంటే దానికి ఏదీ గుర్తుండదు. నిన్నటిది, ఇందాకటిది అన్న తేడా లేదు, అన్నీ పోతాయి.

పోకుండా చూడటం నా వంతు. పోదన్న నమ్మకం నాకు ఏనాడూ లేదు. అందుకే ఈ పనికి పనికొచ్చాననుకుంటా.

ఫిబ్రవరి 6

కరెంటు పోతే పోయేదాంట్లో ఎవరైనా ఎందుకు దాస్తారని పాప అడిగింది. అప్పుడే నా పోలిక వచ్చేసింది దానికి.

దాని పాత ప్లాస్టిక్ ఇటుకలు నేలమీద పోశాను. ఇద్దరం కోట కట్టాం. సగంలో ఫోన్‌తో ఫొటో తీశాను. అక్కణ్ణుంచి పెట్టే ప్రతి ఇటుకా ఒక కాగితం మీద రాయమన్నాను. ఎర్రది, గుమ్మం మీద. నీలంది, ఎడమ గోడ మీద. తర్వాత చేత్తో ఒక్క తోపు తోశాను. పాప కెవ్వుమంది. ఫొటో చూసి అంతవరకు కట్టు, మిగిలింది కాగితంలో ఉన్న వరసలో పెట్టుకుంటూ పో అన్నాను. ముక్కు ఎగబీలుస్తూనే కట్టింది. కోట లేచింది.

ఫొటో మా స్నాప్‌షాట్. కాగితం మా లాగ్. నియమం ఒక్కటే. కాగితం మీద పడ్డాకే "పెట్టాను" అని నోటితో అనాలి. ముందే అంటే అది అబద్ధం కిందే లెక్క.

వదిన సోఫాలోంచి చూస్తోంది. మా ఆయన అక్క. ఆయన ఓడ మీద ఇంజనీరు, ఏడాదిలో సగం సముద్రం మీదే గడుస్తుంది కాబట్టి ఆవిడ మాతోనే ఉంటుంది. కోర్టులో స్టెనో. ఇంత బాధ దేనికి, పక్క గదిలో ఇంకొకళ్ళని కూర్చోబెట్టి ఇక్కడ పెట్టే ఇటుకలన్నీ గట్టిగా చెబితే అక్కడా ఇదే కోట లేస్తుంది కదా అంది. అదీ ఉంది వదినా, మేం రెప్లికా అంటాం అన్నాను. మేం గుమాస్తా అంటాం అంది.

ఫిబ్రవరి 9, మధ్యాహ్నం 12

రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను.

సర్వర్ల గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. ఉన్నట్టుండి చల్లగాలి మెత్తబడింది. ఫ్యాన్ల హోరు దూరం జరిగిపోయి, గోడ అవతల ఎక్కడో నది ఉన్నట్టయింది. తడిసిన సుద్దముక్క వాసన. పచ్చ లైట్లన్నీ నన్ను ఎరిగినవాళ్ళలా చూశాయి. ఇదంతా ఇంతకుముందు జరిగింది. ఇదే చోటు, ఇదే చెయ్యి, ఇదే తలుపు మీద. తర్వాత ఏం జరగబోతోందో కూడా తెలుసు, నాలుక చివర ఉంది.

ఏమీ జరగలేదు. కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఎప్పుడు కూర్చున్నానో తెలియదు. పక్కన టీ చల్లారి మీగడ కట్టింది.

చెప్పకూడదు గానీ, బాగుంది. పుట్టి బుద్ధెరిగాక ఏ సందేహమూ లేకుండా ఉన్నది ఆ కాసేపే.

ఫిబ్రవరి 11

మళ్ళీ సుద్దముక్క వాసన. ఈసారి వంటింట్లో.

ఫిబ్రవరి 14

పాపను ఈతకు తీసుకెళ్తున్నాను. సిగ్నల్ దగ్గర ఆగాను. ఎర్ర లైటు చుట్టూ వాన లేకుండానే వాన కాంతి. ఆ తర్వాత వెనక హారన్లు. పాప నా మోచెయ్యి పట్టుకుని ఊపుతోంది. పచ్చ వచ్చి పోయిందట, మళ్ళీ వచ్చిందట, అమ్మా అమ్మా అంటే పలకలేదట. ఏదో ఆలోచిస్తున్నాలే అన్నాను. కళ్ళు తెరుచుకుని కూడా నిద్రపోతారా అని అడిగింది. అదేం ప్రశ్న అని కసిరాను.

కసరడం దేనికో నాకు తెలుసు. భయమేసింది. కారు నడుస్తూ ఉండగా ఇలా అయితే? ఎవరికైనా చెబితే ముందు తాళాలు తీసుకుంటారు. తర్వాత ఆఫీసులో మెల్లగా పనులు తీసుకుంటారు. ఒక్కోటీ తీసేస్తూ పోతే చివరికి నాకు ఏం మిగులుతుంది? అలసట అయి ఉంటుంది. ఈ వయసులో అందరికీ ఉంటుంది.

వదిన భోజనం దగ్గర నన్నే చూస్తోంది. ఆవిడ చూపు అంతే. ఎదుటివాళ్ళు ఆగినచోట కూడా ఆగినట్టు రాసుకునే చూపు.

ఫిబ్రవరి 17

డిస్కుల గురించి వాదన అయింది.

ప్రతి ఫోన్ వివరమూ మెమరీలో పడగానే లాగ్‌లోకి, అంటే డిస్క్ మీదికి పంపుతాం. రాసుకున్నానని డిస్క్ చెప్పాకే ఆపరేటర్ తెర మీద "నమోదైంది" అని పచ్చగా వస్తుంది. అప్పుడే ఆపరేటర్ ఫోన్‌లో, బండి వస్తోందమ్మా అంటారు. బాగానే ఉంది. కానీ డిస్క్ లోపల దానికి సొంతంగా చిన్న మెమరీ ఒకటి ఉంటుంది. పంపినవి గబగబా అందులో వేసుకుని, రాసేశానని మాకు చెప్పి, తీరిక చూసుకుని అసలు రాత రాస్తుంది. మేం దాన్ని జేబు అంటాం. ఖరీదైన డిస్కుల్లో కరెంటు పోయాక కూడా జేబులోవి రాసేంత ఊపిరి దాచి ఉంచుతారు. మావి ఆ రకం కావు. అందుకని జేబు మూసెయ్యాలి. ఒక కమాండ్, అంతే. మూసేస్తే నెమ్మదిస్తుంది, కానీ అబద్ధం చెప్పదు.

ఈసారి కరెంటు పీకి చూసే పరీక్ష మానేద్దాం అన్నాడు మేనేజరు. పై వారం నుంచి ఈ డిస్కులే అసలు ఫోన్ల మీద పెట్టాలి, యూపీఎస్ ఉంది, జనరేటరు ఉంది, ఇంకెక్కడిదండీ కరెంటు పోవడం అని. ప్లగ్గు అడ్డం తగిలాడు. అతని పని సర్వర్ల వైర్లు చూడటం, పరీక్షలో ప్లగ్ పీకేది కూడా అతనే కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. యూపీఎస్ కూడా ప్లగ్‌తోనే నడుస్తుంది సార్, చీపురు తగిలి ఊడిన రోజు నేను చూశాను అన్నాడు. నేను పట్టుబట్టాను. చివరికి మేనేజరు చేతులెత్తేసి, జేబులు మాత్రం మీరే మూయండి, మీరైతే మూడుసార్లు చూస్తారు అన్నాడు.

ఫిబ్రవరి 20

జేబులు మూసేశాను.

సర్వర్ల గదిలోకి అడుగు పెట్టేసరికి వెలుతురు తేనెరంగుకు తిరిగింది. కీబోర్డు మీద చేతులు పెట్టాను. అంతా తెలిసిన దారిలా ఉంది. ఎంత స్పష్టంగా ఉందంటే, వేలికొసల్లో ఒక్కో అక్షరమూ గుర్తుంది. మళ్ళీ చూడాలనిపించలేదు. నాకు, మళ్ళీ చూడాలనిపించలేదు! తలుపు వేసి వచ్చేశాను. కారిడార్ పొడుగునా ఎవరో చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నంత తేలిగ్గా నడిచాను.

ఫిబ్రవరి 24

ఇవాళ పరీక్ష. మా దగ్గర ఇదొక పద్ధతి. పట్టపగలు, అందరి ముందూ, నడుస్తున్న సర్వర్‌కు కరెంటు పీకేస్తాం. అసలు ఫోన్లు వేరే దాని మీద ఉంటాయి, దీని మీద దొంగ ఫోన్లు. ఈసారి పూల పేర్లు పెట్టారు. ఆపరేటర్లు పోటీపడి కొడుతున్నారు. మందారంగారికి గుండె నొప్పి, గన్నేరుగారు మెట్ల మీద జారిపడ్డారు, చామంతిగారికి ఊపిరాడటం లేదు. మా విభాగంలో ఈమధ్యే చేరిన కొత్తమ్మాయి కూడా ఓ చెయ్యి వేసి, తన చివరి ఫోన్ ఒక పసిబిడ్డది పెట్టింది, పేరు నందివర్ధనం. ప్రతిదానికీ తెర మీద పచ్చగా, నమోదైంది.

పీకే ముందు మేనేజరు అడగాలి, బాధ్యులు అందరికీ వినబడేలా చెప్పాలి. అదీ పద్ధతే.

"జేబులు మూశారా?"

"మూశాం" అన్నాను.

ప్లగ్గు పీకాడు. ఫ్యాన్ల హోరు ఒక్కసారిగా కిందికి జారింది. ఆ నిశ్శబ్దం నాకు ఎప్పుడూ ఇష్టమే. గది మొత్తం కళ్ళు మూసుకున్నట్టుంటుంది. మళ్ళీ పెట్టాడు. సర్వర్ లేచి, స్నాప్‌షాట్ తెచ్చుకుని, లాగ్‌లో ఉన్నవి ఒక్కొక్కటే పేర్చుకుంది. మందారం వచ్చింది. గన్నేరు వచ్చింది. అక్కడితో ఆగింది. చామంతి లేదు. నందివర్ధనం లేదు.

పచ్చగా నమోదైందని చెప్పి, బండి వస్తోందమ్మా అని చెప్పి, తర్వాత ఆ బిడ్డ సంగతే మరిచిపోయినట్టు. అది ఉత్త పూల పేరే. అయినా కొత్తమ్మాయి మొహం పాలిపోయింది.

డిస్కులే మోసం చేశాయి, కమాండ్ ఇచ్చినా వినలేదు అన్నాను. నా గొంతు గట్టిగానే ఉంది. కొత్తమ్మాయి తెరలో వెతికి, మేడమ్, కమాండ్ వినకపోవడం కాదు, ఎవరూ ఇవ్వలేదు, జేబులు తెరిచే ఉన్నాయి అంది. మెల్లగా అంది, నాకు ఒక్కదానికే వినబడాలని. అందరికీ వినబడింది.

సాయంత్రం 6

వేలికొసల్లో ఇంకా ఉన్నాయి ఆ అక్షరాలు. కొట్టాను. కొట్టలేదు. రెండూ నిజంలాగే ఉన్నాయి.

ఫిబ్రవరి 25

తెల్లవారి లేచేసరికి అర్థమైంది. తేనెరంగు వెలుతురు. సుద్దముక్క. ఇది ముందే జరిగిందన్న నమ్మకం. కీబోర్డు ముందు కూర్చోగానే, మూసేశాను అని నా బుర్ర చెప్పింది. చెప్పింది కాబట్టి నేను మూయలేదు.

ఇన్నేళ్ళూ డిస్కులను అనుమానించాను, బ్యాటరీలను అనుమానించాను, మనుషులు చెప్పినదాన్ని అనుమానించాను. అనుమానించనిది ఇదొక్కటే. నా లోపలా ఒక జేబు ఉంది. అందులో పడగానే రాసేశానని చెప్పేస్తోంది.

కాఫీ కలుపుకుంటున్న వదిన దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, వదినా నేనెప్పుడైనా వింతగా ఉంటున్నానా అన్నాను. ఎప్పుడు లేవు అంటుందనుకున్నాను. అనలేదు. స్టవ్ కట్టేసి, మొన్న నా గ్లాసులో నీళ్ళు పోస్తూ బల్లంతా తడిసేదాకా పోశావు, ఆపి నా వంక చూసి చక్కగా నవ్వి మళ్ళీ పోశావు అంది. అంతకుముందు ఒకరోజు బట్టలు మడతపెడుతూ చొక్కా గుండీలు పెట్టి, తీసి, పెట్టి, తీశావు. పిలిస్తే పలకలేదు. పెదవులు మాత్రం ఏదో చప్పరిస్తున్నట్టు కదులుతున్నాయి.

ముందే ఎందుకు చెప్పలేదని కోపం వచ్చింది. నువ్వడిగితే కదా, సాక్షిని అడక్కుండా చెప్పించడం మా కోర్టులో లేదు అంది. అని, మొహం పక్కకు తిప్పుకుంది. భయపడింది కూడా. తమ్ముడు దూరంగా ఉండగా తను చెప్పిన మాట నిజమైపోతుందేమోనని భయపడింది.

ఇవాళ ఆఫీసుకు ఆటోలో వెళ్ళాను.

ఫిబ్రవరి 26

మేనేజరుకు చెప్పేశాను. తలుపు వేసి, కూర్చోమన్నా కూర్చోకుండా, డిస్కుల తప్పు లేదు సార్, నాకు మధ్యమధ్య ఇలా అవుతోంది అని. రాజీనామా మాట కూడా ఎత్తాను. ఆయన పెన్ను మూత పెట్టాడు. పరీక్ష వద్దన్నది నేను, పట్టుబట్టింది మీరు అన్నాడు. మీరు మొండికెయ్యకపోతే ఈపాటికి ఆ డిస్కులు నిజం ఫోన్ల మీద ఉండేవి. తప్పు చేసిందీ మీరే, పట్టించిందీ మీరే, ఇక నేను ఎవర్ని తిట్టాలండీ. ముందు డాక్టరుకు చూపించుకోండి.

బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ప్లగ్గు వచ్చి పక్క మెట్టు మీద కూర్చుని, ఏమీ అడక్కుండా, వాళ్ళ మేనల్లుడి సైకిల్ కథేదో చెప్పాడు. ఒక్క ముక్క వినలేదు. అయినా మనసుకు చల్లగా ఉంది.

మార్చి 2

డాక్టరు ఆవిడ నా వయసే ఉంటుంది. తలకు వైర్లు అంటించి, నిద్రపొమ్మన్నారు. ఏదో మెషిన్‌కు నేనే లాగ్ రాసి ఇస్తున్నట్టనిపించింది.

ఇదీ ఫిట్సేనట. కింద పడి కొట్టుకుంటేనే ఫిట్స్ అనుకుంటారు అందరూ, కాదు అంది. మెదడులో ఒక మూల కాసేపు కరెంటు గాడి తప్పుతుంది. ఆ మూల జ్ఞాపకాలది. అందుకే కొత్తవాటి మీద పాతవన్న ముద్ర పడిపోతుంది, ఆ వాసనలూ అందుకే. మందులకు లొంగుతుంది, చాలామందికి లొంగుతుంది, నాకు లొంగుతుందో లేదో వేసి చూడాలి. మాట దాచకుండా చెప్పింది. నచ్చింది.

ఆ కాసేపట్లో పోయినవి ఎక్కడికి పోతాయి అని అడిగాను. ఎక్కడికీ పోవు, అసలు రాసుకోనేలేదు, పోవడానికి ఉంటే కదా అంది.

వెంట వచ్చిన వదిన అప్పుడు నా చెయ్యి పట్టుకుంది. సినిమాల్లోలా కాదు. రోడ్డు దాటేటప్పుడు పాప చెయ్యి పట్టుకున్నట్టు, కాస్త గట్టిగా, కాస్త విసుగ్గా.

మార్చి 3

కారు తాళాలు వదినకు ఇచ్చేశాను. ఆవిడ ఆగి ఆగి, కుదుపుతూ నడుపుతుంటే పక్కన కూర్చున్నా నా కాలు బ్రేకు వెతుక్కుంటోంది. పాప వెనక సీట్లోంచి, అమ్మా, అత్తయ్యకు కూడా ఫిట్స్ ఉన్నాయా అంది. వదిన అద్దంలోంచి చూసి, ఇంకోమాట మాట్లాడితే దింపేస్తా అంది.

పాపకు నిన్న రాత్రే అంతా చెప్పాను. కోట మాటల్లోనే చెప్పాను. అంటే నీ కాగితం మీద మధ్యలో ఖాళీలు అంది. అవును అన్నాను. అయితే నేను గట్టిగా చెబుతూ ఉంటాలే అంది.

మార్చి 5

ఆయన ఓడ మీంచి మాట్లాడారు. చెప్పాను. అటు వైపు ఇంజన్ల చప్పుడు. వచ్చేస్తానన్నారు. వద్దన్నాను. రావాలని ఉంది.

మార్చి 11

మళ్ళీ పరీక్ష. పద్ధతిలో ఒక మాట మార్చాం. నేనే అడిగి మార్పించాను. జేబులు మూసినవాళ్ళు "మూశాం" అనకూడదు. వేరొకళ్ళు వెళ్ళి, తెర మీద ఉన్నది ఉన్నట్టు చదవాలి. ఎవరి జ్ఞాపకానికీ విలువ లేదు, నాదైనా సరే, మేనేజరుదైనా సరే. అంటే నన్ను కూడా నమ్మరా అని ఆయన. మీరు మొన్న మధ్యాహ్నం తిన్నారో లేదో మీకే గుర్తులేదు సార్ అంది కొత్తమ్మాయి.

నేను గాజు తలుపు ఇవతల నిలబడ్డాను. ఏదీ ముట్టుకోలేదు. కొత్తమ్మాయి చదివింది. ప్లగ్గు పీకాడు. గది కళ్ళు మూసుకుంది. తెరిచింది.

మందారం. గన్నేరు. చామంతి. నందివర్ధనం, వయసు మూడు నెలలు, బండి బయల్దేరింది.

గాజు మీద నా ఊపిరి పొగమంచులా అంటుకుంది.

మార్చి 15

మందులకు నిద్రమత్తుగా ఉంటోంది. తేనెరంగు వెలుతురు రావడం లేదు. తడిసిన సుద్దముక్క కోసం ఎందుకో వంటింట్లో గాలి పీల్చి చూశాను. ఏమీ లేదు, పోపు వాసన.

ఇది ఎవరికీ చెప్పలేను, ఇక్కడే రాసుకుంటాను. ఆ నమ్మకం మళ్ళీ ఒక్కసారి రావాలని ఉంది. అది అబద్ధమని తెలిసి కూడా. గేటు వేశానా, పాపను బాగా పెంచుతున్నానా, ఆయనను రావద్దనడం సరైనదేనా, మళ్ళీ అన్నీ వచ్చి వరసలో నిలబడ్డాయి. నావే కదా, రానీ.

మార్చి 18

కాలవ గట్టున నడుస్తూ వదినను అడిగాను. మళ్ళీ ఎప్పుడైనా వస్తే, నేను ఆగిపోయిన చోటు నుంచి ఏం జరిగిందో నాకు చెబుతారా అని. బాగున్నదీ, బాగోలేనిదీ, వరసలో. నువ్వు తట్టుకోలేకపోతేనో అంది. తట్టుకోవడం నా పని, చెప్పడం మీ పని అన్నాను.

"సవరణలు అడక్కూడదు మరి" అంది వదిన.

మార్చి 23

ఇవాళ సాయంత్రం కిటికీ దగ్గర పాపకు జడ వేస్తున్నానట. సగంలో ఆగానట. మూడు పాయలూ చేతిలోనే ఉన్నాయట. పాప కదలకుండా కూర్చుందట, జడ ఊడిపోకుండా. నీలం రిబ్బను అమ్మా, ఎడమ పాయ అమ్మా అని గట్టిగా చెబుతూనే ఉందట. నేను దాని నెత్తి మీద మొహం ఆనించి, ఈత కొలను వాసనొస్తోందే నీ దగ్గర అన్నానట. కిటికీలోంచి గాలి వచ్చిందట. పాప నవ్విందట. నేనూ నవ్వానట.

వదిన చెప్పింది చెప్పినట్టు రాశాను. పాపను అడిగాను. అవునంది. జడ చూశాను. పూర్తిగా ఉంది.

నేనూ నవ్వాను.